మీ ప్రశ్నలు – మా జవాబులు: తొలినాటి బాబ్‌స్లెడ్ పందేలు

గత సంచికలో చలికాలపు ఒలింపిక్స్ మీద వేసిన వ్యాసంలో బాబ్‌స్లెడ్ గురించి నాలుగే వాక్యాలు రాశాం. మంచుగడ్డతో కట్టిన వంకర కాలువలో ఇద్దరో నలుగురో ఎక్కిన బండి కిందికి జారిపోవడం, గడియారంతో పోటీ, అంతే చెప్పాం. అది చాలలేదని మీ ఉత్తరాలు చెబుతున్నాయి. ఎక్కువమంది అడిగింది తొలినాటి పోటీల గురించే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: ఈ ఆట సైన్యం అవసరాల కోసం పుట్టిందని ఒకచోట చదివాను. నిజమేనా?

జవాబు: కాదు. హోటల్ అతిథుల సరదాలోంచి పుట్టింది. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో బాడ్రుట్ కుటుంబానికి హోటళ్లుండేవి. ఎండాకాలం వచ్చే ఇంగ్లిష్ అతిథులను చలికాలం కూడా రప్పించాలన్నది వాళ్ల ప్రయత్నం. వచ్చినవాళ్లు ఊరికే కూర్చోలేక సామాను మోసే చిన్న స్లెడ్లు తీసుకుని ఊరి వీధుల్లో జారడం మొదలుపెట్టారు. దారిన పోయేవాళ్లను గుద్దేయడంతో ఫిర్యాదులు పెరిగాయి. వాళ్లను వీధుల్లోంచి తప్పించడానికి 1884–85 చలికాలంలో క్రెస్టా రన్ అనే ప్రత్యేక మంచు బాట కట్టారు. అది ఒంటరిగా, తల ముందుకు పెట్టి పడుకుని జారేవాళ్లది.

బాబ్ (బాబ్‌స్లెడ్) సంగతి వేరు. 1880ల చివర్లో విల్సన్ స్మిత్ అనే ఆంగ్లేయుడు రెండు స్లెడ్లను ఒక పలకతో కలిపి సెయింట్ మోరిట్జ్ నుంచి దిగువన ఉన్న చెలెరీనాకు దిగాడని చెబుతారు. రెండు స్లెడ్లు కలిశాయి కాబట్టే ముందుదాన్ని తిప్పే వీలు వచ్చింది. ఆట మొత్తం ఆ ఒక్క మార్పు మీదే నిలబడింది. 1897లో అక్కడ బాబ్ క్లబ్ ఏర్పడింది. 1904 నాటికి బాబ్‌లకు మాత్రమే కేటాయించిన బాట సిద్ధమైంది. ఆ బాట ఇప్పటికీ ఉంది. పొడవు 1,722 మీటర్లు. కాంక్రీటు గానీ శీతలీకరణ గొట్టాలు గానీ లేకుండా ఏటా మంచు, నీళ్లు కలిపి చేత్తో కడతారు, వసంతం రాగానే కరిగిపోతుంది. అంటే ఏ రెండేళ్ల బాటా అచ్చంగా ఒకటి కాదు. పాత రికార్డులు పోల్చేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

ప్రశ్న: పాత ఫొటోల్లో కొన్ని బండ్లకు స్టీరింగ్ చక్రం, కొన్నిటికి తాళ్లు కనిపిస్తున్నాయి. అసలు బండి ఎలా తిరుగుతుంది? బ్రేకు ఎక్కడుంటుంది?

జవాబు: బండిని నాలుగు భాగాలుగా చూడండి. పైన మనుషులు కూర్చునే పొడవాటి పలక లేదా ఉక్కు చట్రం. దాని కింద వెనక ఇరుసు, రెండు రన్నర్లతో (మంచు మీద జారే కడ్డీలు). ఇది ఎడమకు కుడికి తిరగదు. ముందు ఇరుసు, మరో రెండు రన్నర్లతో. ఇది నిలువు బోల్టు మీద తిరుగుతుంది. నాలుగోది వెనక భాగంలో బ్రేకు.

ముందు ఇరుసును తిప్పే పద్ధతులు రెండు. ఒకటి చక్రం. చక్రం తిరిగితే దాని కడ్డీకి చుట్టిన తీగలు ఇరుసు కొసలను లాగుతాయి. రెండోది, ఇరుసు రెండు కొసలకు కట్టిన తాళ్లను పైలట్ (ముందు కూర్చుని బండి నడిపేవాడు) చెరో చేత్తో పట్టుకోవడం. మొదట్లో రెండూ వాడారు. మాకు తాళ్లే మెరుగనిపిస్తుంది, ఈ ఆట కూడా చివరికి అటే మొగ్గింది. రన్నరు మంచును ఎలా పట్టుకుంటోందో తాడులో బిగువు నేరుగా చేతికి చెబుతుంది. చక్రంలో తీగల వదులు, కడ్డీ రాపిడి మధ్యలో అడ్డొస్తాయి. పైగా బండి గోడను గుద్దితే పైలట్ ఛాతీకి ఎదురుగా ఉండేది ఆ చక్రమే.

ఫొటోల్లో కనిపించని ఇంకో కీలకం ఉంది. ముందు భాగం, వెనక భాగం ఒకదానికొకటి మెలి తిరగగలగాలి. మలుపులోకి దూరేటప్పుడు ముందు రన్నర్లు గోడ ఎక్కుతుంటే వెనకవి ఇంకా చదునుగా ఉన్న చోటే ఉంటాయి. చట్రం ఒకే బిగువు ముక్క అయితే నాలుగు రన్నర్లలో ఒకటి గాల్లోకి లేస్తుంది, మిగతా మూడింటి మీద బరువు పెరిగి అవి మంచును కోస్తాయి. పాత చెక్క పలక బండ్లలో చెక్క వంగడం వల్ల ఈ మెలి కొంత తనంతట తానే దొరికేది. ఉక్కు చట్రాలు వచ్చాక దాని కోసం ప్రత్యేకంగా కీలు పెట్టాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని ఎంగెల్‌బర్గ్‌కు చెందిన ఫ్రిట్జ్ ఫయరాబెండ్ ఈ పనిలో సిద్ధహస్తుడు. తానే బండ్లు కట్టేవాడు, తానే నడిపేవాడు. 1936, 1948, 1952 ఒలింపిక్స్ మూడింటిలోనూ పతకాలు గెలిచాడు. బండి కట్టే పని, నడిపే పని ఒకే మనిషిలో ఉంటే ఎంత లాభమో ఆయన పతకాల జాబితా చూస్తే తెలుస్తుంది.

బ్రేకు అంటే వెనక చట్రానికి అడుగున అమర్చిన ఇనుప పళ్ల వరస. చివర కూర్చున్న బ్రేక్‌మన్ మీటను లాగితే పళ్లు మంచులో దిగి గీరతాయి. తొలి రోజుల్లో భయపెట్టే మలుపు ముందు దాన్ని వాడేవాళ్లు కూడా. దాంతో రెండు నష్టాలు. సమయం పోతుంది, బాట మీద చాలు పడి వెనకొచ్చే బండ్లు అందులో ఇరుక్కుంటాయి. అందుకే పోటీల్లో గీత దాటాక మాత్రమే బ్రేకు వెయ్యాలన్న నియమం వచ్చింది.

ప్రశ్న: పాత రోజుల్లో అందరూ ఒక్కసారి వెనక్కి వాలి ముందుకు ఊగేవారట. దానివల్ల వేగం పెరుగుతుందా?

జవాబు: చదునుగా ఉన్న చోట, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు, మెత్తటి మంచు మీద కొంచెం. ఎందుకంటే బండి లోపల మనుషులు ఎంత ఊగినా బయట ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి. మెత్తటి మంచులో రన్నర్లకు రాపిడి ఎక్కువ, ఆ రాపిడే ఆనుకోలు. ఊపులో సగం నెమ్మదిగా, సగం విసురుగా చేస్తే బండి కొద్దికొద్దిగా ముందుకు జరుగుతుంది. గట్టి ఐసు మీద రాపిడి చాలా తక్కువ. ఒక ఊపులో బండి ముందుకు పొందినది తర్వాతి ఊపులో తిరిగి ఇచ్చేస్తుంది. పైగా ఊగినప్పుడల్లా ముందు రన్నర్ల మీద బరువు మారి పైలట్ పట్టు తప్పుతుంది. బాటలు గట్టిపడి నిటారు అయ్యేకొద్దీ ఈ అలవాటు పోయింది.

ప్రశ్న: 1928లో పదహారేళ్ల కుర్రాడు స్వర్ణం గెలిచాడంటే నమ్మశక్యంగా లేదు. జట్టును పేపర్లో ప్రకటన వేసి పోగుచేశారన్నది కట్టుకథేనా?

జవాబు: రెండూ నిజాలే. కుర్రాడి పేరు బిల్లీ ఫిస్క్. అమెరికన్ బ్యాంకరు కొడుకు, 1911 జూన్‌లో పుట్టాడు. యూరప్‌లో పెరిగాడు, చలికాలాలు సెయింట్ మోరిట్జ్‌లో గడిపేవాడు. 1928 ఒలింపిక్స్ జరిగింది అక్కడే. అమెరికాకు పైలట్లున్నారు గానీ వెనక కూర్చునేవాళ్లు చాల్లేదు. న్యూయార్క్ హెరాల్డ్ పారిస్ సంచికలో ప్రకటన వేశారు. నియన్ టక్కర్, జెఫ్రీ మేసన్, రిచర్డ్ పార్క్ అలా వచ్చినవాళ్లే. మేసన్‌కు అంతకుముందు బాబ్ ఎక్కిన అనుభవమే లేదు. స్వర్ణం గెలవడానికి కొద్ది వారాల ముందు తొలిసారి ఎక్కాడు. వాళ్లతోపాటు క్లిఫర్డ్ గ్రే.

ఆ ఏడాది ఒలింపిక్స్ బండికి అయిదుగురు. 1924 ఒలింపిక్స్‌లో, షామోనీలో నలుగురైనా అయిదుగురైనా సరేనన్నారు. అక్కడ మూడో స్థానం వచ్చిన బెల్జియం బండిలో అయిదుగురుంటే, గెలిచిన స్విస్ బండిలో ఎడ్వర్డ్ షెరర్ వెనక ముగ్గురే. 1928లో మాత్రం అయిదుగురే అన్నారు. 1932 నుంచి నలుగురు.

ఇక పదహారేళ్లవాడు ఎలా గెలిచాడంటే, ఆనాటి పందెంలో వెనక కూర్చున్నవాళ్ల కాలిబలం కన్నా పైలట్ కన్ను, చెయ్యి ముఖ్యం. ఇప్పుడు జట్టు 50 మీటర్ల దాకా పరుగెత్తి నెట్టుతుంది. ఆ భాగానికి విడిగా సమయం కొలుస్తారు, పదో వంతు సెకను తేడా కూడా పతకాన్ని మారుస్తుంది. అప్పుడు కాస్త నెట్టి ఎక్కి కూర్చునేవారు. వెనకున్నవాళ్ల పని బరువుగా ఉండటం, కదలకుండా ఉండటం, పైలట్ వాలిన వైపు వాలడం. కొద్ది వారాల్లో నేర్చుకోదగ్గ పని. బాట మాత్రం అలా కాదు. ఏ మలుపులోకి ఎంత ఎత్తున దూరాలి, ఎక్కడ దిగాలి అన్నది వందలసార్లు దిగినవాడికే వస్తుంది. ఫిస్క్‌కు ఆ బాట చిన్నప్పటి నుంచి తెలుసు.

మరో సంగతి కూడా చెప్పాలి. వేడిగాలులొచ్చి మంచు కరగడంతో నాలుగు పరుగులు జరగాల్సింది రెండుతోనే ఆపేశారు. ఫిస్క్ బండి మొత్తం సమయం 3 నిమిషాల 20.5 సెకన్లు. రెండో స్థానంలోని జెన్నిసన్ హీటన్ బండి 3:21.0. నాలుగు పరుగులు జరిగి ఉంటే ఆ అర సెకను ఎటు పోయేదో ఎవరూ చెప్పలేరు. హీటన్ అదే ఒలింపిక్స్‌లో క్రెస్టా రన్ మీద స్కెలిటన్ (ఒంటరిగా తల ముందుకు పెట్టి జారే పోటీ) స్వర్ణం గెలుచుకున్నాడు కాబట్టి చేతకానివాడేం కాదు.

ఫిస్క్ 1932లో మళ్లీ గెలిచాడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో చేరి, 1940 ఆగస్టు 16న కాలిపోతున్న యుద్ధ విమానాన్ని టాంగ్మియర్ స్థావరంలో దించాడు. మర్నాడు గాయాలతో చనిపోయాడు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు.

ప్రశ్న: ఆ క్లిఫర్డ్ గ్రే పాటల రచయిత కూడానా?

జవాబు: కాదు. పాటల రచయిత క్లిఫర్డ్ గ్రే ఇంగ్లండ్ మనిషి. బాబ్ స్వర్ణాలు రెండు గెలిచిన గ్రే అమెరికన్. పేర్లు ఒకేలా పలకడంతో చాలా ఏళ్లు ఇద్దర్నీ ఒకరే అనుకుని పుస్తకాల్లోకి కూడా ఎక్కించేశారు. తర్వాత పరిశోధకులు వేర్వేరు మనుషులని తేల్చారు. పాత పుస్తకం చూసి రాసేవాళ్లు ఇప్పటికీ అదే తప్పు చేస్తున్నారు.

ప్రశ్న: 1932లో స్టీవెన్స్ అన్నదమ్ములు పందేనికి ముందు రన్నర్లను మంటతో కాల్చారట. అది మోసం కాదా? లాభం ఎంత?

జవాబు: అప్పటి నియమాల్లో దానికి నిషేధం లేదు. కాబట్టి మోసం కాదు. 1932 ఒలింపిక్స్ జరిగిన అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో ఇద్దరి బాబ్‌ను తొలిసారి ఒలింపిక్స్‌లో పెట్టారు. ఆ ఊరివాళ్లైన హ్యూబర్ట్, కర్టిస్ స్టీవెన్స్ బ్లోటార్చ్‌తో సుమారు 25 నిమిషాలు రన్నర్లను వేడిచేసి బయల్దేరేవారు. తొలి పరుగులో స్విస్ పైలట్ రెటో కపాడ్రుట్, ఆస్కర్ గైయర్‌ల కన్నా వెనకబడ్డారు. చివరికి నాలుగు పరుగులూ కలిపి 8:14.74తో గెలిచారు.

లాభం ఎక్కడిదంటే, రన్నరు జారేది ఉత్త ఐసు మీద కాదు, రన్నరుకు ఐసుకు మధ్య ఏర్పడే అతి పలచటి నీటి పొర మీద. మామూలుగా ఆ పొర రాపిడి వేడికే పుడుతుంది. బయల్దేరేటప్పుడు వేగం తక్కువ, రాపిడి వేడీ తక్కువ, పొర సరిగా ఏర్పడదు. వేడి రన్నరు ఆ లోటు తీరుస్తుంది. ఒక లెక్క చూడండి. ఉక్కు రన్నర్లు మొత్తం 10 కిలోలున్నాయనీ, బయటి చలి కన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాయనీ అనుకుందాం. వాటిలో దాగిన వేడి సుమారు 184 కిలోజౌళ్లు. కిలో ఐసు కరగడానికి 334 కావాలి. అంటే అరకిలోకు పైగా ఐసును నీరు చేసే వేడి అది. పలచటి పొరకు ఇది ఎక్కువే. అయితే ఆ వేడంతా ఐసుకు చేరదు, కొంత గాలిలోనే పోతుంది. ఉక్కు త్వరగా చల్లబడుతుంది కాబట్టి లాభమంతా పై భాగంలోనే. కానీ పైన సంపాదించిన వేగం కిందిదాకా తోడొస్తుంది.

దీనివల్ల చెడేవి కూడా ఉన్నాయి. మంట ఒకేచోట ఆగితే రన్నరు వంకరపోతుంది, కంటికి కనిపించనంత వంకర చాలు బండి ఒక పక్కకు లాగడానికి. గట్టిపరచిన ఉక్కును సుమారు 200 డిగ్రీలు దాటించి వేడిచేస్తే దాని గట్టిదనం తగ్గుతుంది, అంచు త్వరగా గీతలు పడుతుంది. బండి కదలకుండా నిలబడితే వేడి రన్నరు ఐసులోకి దిగి, చల్లబడ్డాక అక్కడే అతుక్కుంటుంది. అందుకే బండిని చివరి క్షణం దాకా చెక్క దిమ్మెల మీద ఎత్తి ఉంచాలి.

ఇప్పుడు పూర్తిగా నిషేధం. పోటీకి ఒక గంట ముందు నుంచి ఒక నమూనా రన్నరును ఆరుబయట వేలాడదీస్తారు. పోటీ బండి రన్నర్లు దానికన్నా 4 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే బండిని పక్కన పెడతారు.

ప్రశ్న: బరువైనవీ తేలికైనవీ ఒకే వేగంతో పడతాయని బడిలో చెప్పారు. మరి బాబ్‌లో లావుపాటివాళ్లు ఎందుకు గెలిచేవారు?

జవాబు: గాలి వల్ల. గాలి లేకపోతే బడిపాఠం ఇక్కడా సరిపోయేది.

వాలు వెంట లాగే భూమ్యాకర్షణ బరువుతో పాటు పెరుగుతుంది. రన్నర్ల రాపిడీ దాదాపు బరువుతో పాటే పెరుగుతుంది. ఇవి రెండూ ఒకదానికొకటి సరి. గాలి ఎదురొత్తిడి మాత్రం బరువును పట్టించుకోదు, ముందు కనిపించే వెడల్పునూ వేగాన్నీ మాత్రమే చూస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో ఒక పాతకాలపు బండి మీద ఎదురొత్తిడి ఉజ్జాయింపుగా 96 న్యూటన్లు అనుకోండి. మొత్తం బరువు 400 కిలోలైతే అది ప్రతి సెకనూ వేగంలోంచి సెకనుకు 0.24 మీటర్లు తీసేస్తుంది. 600 కిలోలైతే 0.16 మాత్రమే. నూటికి 8 వాలున్న చోట భూమ్యాకర్షణ ఇచ్చేది 0.78. అందులోంచి 0.24 పోవడానికీ 0.16 పోవడానికీ ఎంత తేడా! పైగా వేగం పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది, కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది.

దీన్ని చివరి దాకా తీసుకెళ్లింది 1952 ఓస్లో ఒలింపిక్స్‌లోని జర్మన్లు. రెండు జట్లలోని బరువైనవాళ్లను ఏరి ఒకే బండిలో కూర్చోబెట్టారు. ఆండ్రియాస్ ఓస్ట్లర్, ఫ్రిట్జ్ కూన్, లోరెంట్జ్ నీబర్ల్, ఫ్రాంట్జ్ కెమ్సర్ కలిపి 470 కిలోల పైనే తూగారు. రెండో స్థానంలోని అమెరికా బండి మీద రెండున్నర సెకన్లకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అదే ఏడాది అంతర్జాతీయ సమాఖ్య బండి, మనుషులు కలిపి ఇంత దాటకూడదని హద్దు పెట్టింది. ఇప్పుడు నలుగురి బండికి ఆ హద్దు 630 కిలోలు. ఇది మంచి నిర్ణయమని మా అభిప్రాయం. అది లేకపోతే ఈ ఆట తూకం పోటీగా మిగిలేది. హద్దు వచ్చాకే పరుగెత్తి నెట్టగల అథ్లెట్లకు బండిలో చోటు దొరికింది.

బరువుకు ఓ చెరుపు కూడా ఉందని గుర్తుంచుకోండి. మెత్తబడ్డ ఐసు మీద బరువు బండి రన్నర్లు లోపలికి దిగుతాయి. అలాంటి రోజున వెడల్పు రన్నర్లు వేసుకోవాలి. గడ్డకట్టిన చలి రోజున సన్నవి, లేకపోతే పట్టు దొరకదు.

ప్రశ్న: ఎడ్డీ ఈగన్ ప్రత్యేకత ఏమిటి?

జవాబు: 1920 ఆంట్‌వెర్ప్‌లో బాక్సింగ్ లైట్ హెవీవెయిట్ స్వర్ణం, 1932లో ఫిస్క్ బండిలో బాబ్ స్వర్ణం. ఎండాకాలపు ఒలింపిక్స్‌లోనూ చలికాలపు ఒలింపిక్స్‌లోనూ వేర్వేరు ఆటల్లో స్వర్ణాలు గెలిచింది ఆయనొక్కడే. ఆ బండిలోనే ఉన్న జే ఓబ్రయన్‌కు అప్పటికి 48 ఏళ్లు.

ప్రశ్న: లేక్ ప్లాసిడ్ బాట అంత ప్రమాదకరమా? మలుపులో బండి ఎందుకు బోల్తాపడుతుంది?

జవాబు: 1932 కోసం వాన్ హోవెన్‌బర్గ్ కొండ మీద కట్టిన ఆ బాట పొడవు సుమారు ఒకటిన్నర మైలు, మలుపులు 26. రూపకల్పన జర్మనీకి చెందిన స్టానిస్లాస్ జెంట్‌జిట్స్‌కీది. కట్టే పని దగ్గరుండి చూసిన ఇంజనీరు హెన్రీ హోంబర్గర్ తానే బండి నడిపి రజతం గెలిచాడు. ఒలింపిక్స్‌కు ముందు సాధనలోనే జర్మన్ బండ్లు గోడ దాటి పడ్డాయి. ఫ్రిట్జ్ గ్రావ్, ఆల్బర్ట్ బ్రెమె తీవ్రంగా గాయపడ్డారు. ఖాళీలు పూరించడానికి అమెరికాలో నివసిస్తున్న జర్మన్లను పోగుచేయాల్సి వచ్చింది. వాతావరణం చెడి నలుగురి పందెం వాయిదాపడుతూ, ముగింపు ఉత్సవం అయిపోయాక పూర్తయింది. ఫిస్క్ బండి నాలుగు పరుగుల సమయం 7:53.68.

మలుపు లెక్క ఇదీ. గంటకు 100 కిలోమీటర్ల వేగం, మలుపు వ్యాసార్ధం 20 మీటర్లు అనుకుంటే మనిషిని పక్కకు నొక్కే బలం తన బరువుకు దాదాపు నాలుగు రెట్లు. ఆ బలానికి సరిపడేలా బండి నిలవాలంటే గోడ సుమారు 75 డిగ్రీలు నిలబడి ఉండాలి, అంటే దాదాపు నిటారుగా. బండి వేగానికి తగిన ఎత్తు దానంతట అదే వెతుక్కుంటుంది. పైలట్ పని దాన్ని సమయానికి ఎక్కించి, సమయానికి దించడం.

తప్పులు రెండు రకాలు. ఆలస్యంగా దూరితే బండి ఒక్కసారి పైకి ఎగబాకుతుంది, గోడ పై అంచు దాటితే బయటికే. దించడం ఆలస్యమైతే మలుపు అయిపోయాక కూడా బండి గోడ మీదే ఉంటుంది, అక్కడ నొక్కిపట్టే బలం మాయమై ఒక పక్కకు దొర్లుతుంది. భయంతో తాడు గట్టిగా లాగితే మూడో తప్పు. ముందు రన్నర్లు అడ్డం తిరిగి జారతాయి, ఆ క్షణంలో బండికి దిశ ఉండదు. తాడు లాగడం ఎప్పుడూ కొద్ది సెంటీమీటర్లలోనే ఉండాలి.

లేక్ ప్లాసిడ్‌లోని జిగ్‌జాగ్ అందుకే చెడ్డపేరు తెచ్చుకుంది. ఎడమ మలుపు, దాని వెంటనే కుడి మలుపు. మొదటిదాంట్లో చేసిన పొరపాటు సర్దుకోవడానికి మధ్యలో తిన్నని బాట లేదు. ఎత్తులో ఒక్క అడుగు తప్పు రెండో దాంట్లో గజాల తప్పవుతుంది. 1966లో పైలట్ సెర్జియో జార్దీనీ ప్రాణం పోయింది అక్కడే.

ఆయన కన్నా ముందు పోయినవాళ్లున్నారు. పైన చెప్పిన రెటో కపాడ్రుట్ 1939లో కోర్తినా డాంపెత్సోలో ప్రపంచ పోటీల్లో మరణించాడు. 1920లో బెల్జియం తరఫున ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగు తీసి, 1948లో బాబ్ రజతం గెలిచిన మాక్స్ హూబెన్ మరుసటి ఏడాది లేక్ ప్లాసిడ్‌లో సాధన చేస్తూ పోయాడు. 1948 స్వర్ణ విజేత ఫెలిక్స్ ఎండ్రిక్ 1953లో గార్మిష్‌లో ఇద్దరి పందెంలో ప్రపంచ విజేతగా నిలిచి, కొద్ది రోజులకే నలుగురి బండి ప్రమాదంలో పోయాడు. నలుగురూ అనుభవజ్ఞులే. ఆ రోజుల్లో పట్టీలు లేవు, శిరస్త్రాణం ఉన్నా పలచటిదే, గోడ పైన రక్షణ అంచు లేదు. అనుభవం వాటి లోటు తీర్చలేదు.

ప్రశ్న: ఆడవాళ్లు అప్పట్లో ఈ ఆట ఆడేవారా?

జవాబు: ఆడేవారు. సెయింట్ మోరిట్జ్ తొలి జట్లలో ఆడవాళ్లు కూర్చునేవారు. తర్వాత వాళ్లను పోటీల నుంచి తప్పించారు. అమెరికాలో కేథరీన్ డ్యూయీ 1940లో నలుగురి బండి నడిపి జాతీయ పోటీలో మగ పైలట్లందరినీ ఓడించింది. దానికి ఆమెకు దక్కిన జవాబు, ఇకపై ఆడవాళ్లు మగవాళ్లతో పోటీ చేయకూడదన్న నిర్ణయం. ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఓడిపోయి ఉంటే ఆమెను ఎవరూ ఆపేవారు కాదు. మహిళల ప్రపంచ పోటీలు 2000లో వింటర్‌బర్గ్‌లో, ఒలింపిక్ పోటీ 2002లో సాల్ట్ లేక్ సిటీలో మొదలయ్యాయి. ఆ తొలి స్వర్ణం జిల్ బాకెన్, వోనెట్టా ఫ్లవర్స్‌లది.

ప్రశ్న: 1960 ఒలింపిక్స్ ఫలితాల్లో బాబ్ కనిపించలేదు. అచ్చుతప్పా?

జవాబు: కాదు. స్క్వా వ్యాలీ నిర్వాహకులు తక్కువ దేశాలే వస్తాయని బాట కట్టలేదు. చలికాలపు ఒలింపిక్స్‌లో బాబ్ లేనిది ఆ ఒక్కసారే.

ప్రశ్న: బడి ప్రదర్శన కోసం పాతకాలపు బాబ్ నమూనా చేయాలి. నిజంగా జారాలి, ముందు ఇరుసు తిరగాలి. కొలతలు చెప్పండి.

జవాబు: పదో వంతు నమూనా అనుకూలం. నలుగురి బండి పొడవు ఇప్పటి నియమాల్లో 3.80 మీటర్లు దాటకూడదు, రన్నర్ల నడిమి దూరం 67 సెంటీమీటర్లు. మీ పలక పొడవు 36 సెంటీమీటర్లు, వెడల్పు 4, మందం అర సెంటీమీటరు పెట్టుకోండి. ఇరుసులకు 7 సెంటీమీటర్ల చెక్క దిమ్మెలు రెండు. రన్నర్లకు 3 మిల్లీమీటర్ల ఉక్కు తీగ, ఒక్కోటి 11 సెంటీమీటర్లు, నాలుగు ముక్కలు. ముందు కొసను సెంటీమీటరున్నర మేర పైకి వంచండి, మధ్యలో మాత్రం కాగితం మందమంత కిందికి ఉబ్బేలా ఉంచండి. పూర్తిగా తిన్నగా ఉంటే బండి తిరగదు.

తీగలను దిమ్మెలకు అడుగున 6.7 సెంటీమీటర్ల ఎడంతో బిగించండి. వెనక దిమ్మెను పలకకు గట్టిగా బిగించండి. ముందు దిమ్మెకు మధ్యలో ఒకే బోల్టు, దిమ్మెకూ పలకకూ నడుమ ఒక రబ్బరు వాషరు. తిరగడానికీ కొద్దిగా ఒరగడానికీ ఆ వాషరు సరిపోతుంది. దిమ్మె కొసలకు దారం కట్టి పలక పైకి తీసుకురండి. బరువు కోసం పలక మధ్యన 300 గ్రాములు అంటించండి.

రన్నర్లను 400 నంబరు నీటి ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 800, 1500 వరకు రుద్దండి. రుద్దేది ఎప్పుడూ పొడవు వెంటే, అడ్డంగా రుద్దితే ప్రతి గీతా బ్రేకులా పనిచేస్తుంది. పొడవాటి పళ్లెంలో రెండు సెంటీమీటర్ల మందాన నీళ్లు గడ్డకట్టించి, ఒక కొస ఎత్తండి. నూటికి 8 వాలు చాలు, అంటే మీటరు పళ్లేనికి 8 సెంటీమీటర్లు.

బండి ఒక పక్కకు లాగితే వెనక రన్నర్లు సమాంతరంగా లేవని అర్థం. ముందు, వెనక కొసల్లో ఎడం కొలవండి, అర మిల్లీమీటరు తేడా ఉన్నా విప్పి మళ్లీ బిగించండి. మొదట్లో జారి మధ్యలో ఆగిపోతే ఐసు మీద తెల్లటి పొడి పేరుకుంది, తడిగుడ్డతో తుడిచి మళ్లీ గడ్డకట్టనివ్వండి. ఒక రన్నరు గాల్లో ఉంటే వాషరు మరీ బిగిసింది, బోల్టును అర చుట్టు వదులు చేయండి.